ఉతికిన డిస్కు

చేపల పొడి మిల్లులో పనిచేసే మనిషి కంటే ముందు అతని కంపు వస్తుంది. మనిషి వెళ్ళిపోయాక కూడా అది కాసేపు కూర్చుని మరీ వెళుతుంది. ఆ మిల్లు మేస్త్రి బస్సెక్కితే పక్క సీటు ఖాళీ. జుట్టు కత్తిరించేవాడు ఊపిరి బిగబట్టి పని కానిచ్చేవాడు, అందనప్పుడు కత్తెరతో సహా వీధిలోకి పరిగెత్తేవాడు. అందుకే మేస్త్రి జుట్టు ఏనాడూ రెండు చెవుల దగ్గరా ఒకే ఎత్తున లేదు.

మిల్లు ఆయన బావమరిదిది. అంతకు ముందు మామగారిది. పడవలు దింపేసిన చిల్లర చేపలు, పనికిరానివీ చితికినవీ, తలలూ పేగులూ అన్నీ అక్కడ కుప్ప పడతాయి. వాటిని ఉడికించి, పిండి, ఎండబెట్టి, పొడి కొడతారు. ఆ పొడిని కోళ్ళకు వేస్తారు. కోళ్ళు ఏమనుకుంటాయో ఎవరూ అడగలేదు.

మేస్త్రి భార్య ఆ మిల్లు గోడ పక్కనే పుట్టి పెరిగింది. బళ్ళో ఆవిడ బల్ల మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. పెళ్ళయితే ఈ కంపు వదులుతుందనుకుంటే, తండ్రి ఆవిణ్ణి అదే మిల్లు మేస్త్రికిచ్చి చేశాడు. నూతిలోంచి తీసి గోతిలో వేసినట్టయింది. కాపురానికి వచ్చిన రోజే ఆవిడ ఒక చట్టం చేసింది. మిల్లు నుంచి వచ్చింది ఏదైనా సరే, సబ్బుతో కడగనిదే గడప దాటడానికి వీల్లేదు.

ఆ చట్టానికి మినహాయింపులు లేవు. పెరటి గోడకి ఒక మేకు, మేకు కింద ఒక తొట్టి, తొట్టి పక్కన కుళాయి. మేస్త్రి సంచీ మేకుకి తగిలించి, బట్టలు తొట్టిలో పడేసి, కుళాయి కింద కూర్చోవాలి. ఆయన తోముకుంటూ ఉంటే ఆవిడ సంచీ బోర్లించి ఉన్నవన్నీ తోమేది. క్యారేజీ, తాళాలు, చిల్లర నాణేలు, అన్నీ. ఒకసారి చేతిగడియారం కూడా తోమింది. ఆగిపోయింది.

"ఆగితే ఆగింది, కంపు పోయిందిగా," అంది.

మేస్త్రి అసలే మాటలు తక్కువ మనిషి. నోరు తెరిస్తే అందులోంచి కూడా కంపు వస్తుందేమోనని భయమో ఏమో, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఉన్న మాటలు కూడా మానేశాడు. ఊఁ అంటే అవును, ఊహూఁ అంటే కాదు, అంతే.

ఇక కంప్యూటరు సంగతి. మిల్లులో చేపల్ని ఎండబెట్టే డ్రయ్యరంటే ఇనుప డ్రమ్ము. లారీ ఇటు దూరి అటునుంచి రావచ్చు, అంతది. అది ఎంత వేడిగా ఉండాలి, ఎంత జోరుగా తిరగాలి, ఆవిరి ఎప్పుడు వదలాలి అనేదంతా అద్దాల గదిలో ఉన్న ఒక పాత కంప్యూటరు చూసుకుంటుంది. ఏ చేపకి ఎంత వేడి అన్న లెక్కలు మేస్త్రి ఏళ్ళ తరబడి సరిచూసి సరిచూసి అందులో ఎక్కించినవే. ఆ కంప్యూటరు కొన్నాళ్ళుగా లోపల టిక్కు టిక్కుమంటోంది, గోడలో పురుగు తొలిచినట్టు.

అది ఆగితే డ్రమ్ము ఆగుతుంది. డ్రమ్ము ఆగితే కుప్ప కుళ్ళుతుంది. కుప్ప కుళ్ళితే ఆ కంపు పట్నం మీద పడుతుంది. పట్నం వాళ్ళు అప్పటికే ఒకసారి అర్జీలు పెట్టారు. మునిసిపల్ ఆఫీసరు వచ్చి, ఇంకొక్కసారి ఇలా జరిగితే గేటుకి తాళం వేస్తానని మొహాన చెప్పి వెళ్ళాడు. మిల్లు మీద బతికేవాళ్ళందరి బతుకూ ఆ టిక్కు టిక్కు మీద వేలాడుతోంది.

బావమరిది కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయిని పిలిపించాడు.

ఆ మిల్లుకి ఎవరొచ్చినా గేటు దగ్గరే చేతిరుమాలు ముక్కుకి చేరుతుంది. యజమాని అయిన బావమరిదే రుమాలుకి అత్తరు కొట్టుకుని తిరుగుతాడు. సొంత మిల్లు తాను పీల్చడానికి పనికిరాదు కానీ, మేస్త్రి పీలిస్తే ఏం పోయె. ఆ రుమాలుని చూసినప్పుడల్లా మేస్త్రికి కంపు కంటే ఎక్కువ రోత పుట్టేది. ఈ కంప్యూటరమ్మాయి మాత్రం ముక్కు ముట్టుకోలేదు. కుప్ప పక్కనుంచి, కారుతున్న రసాన్ని దాటుకుంటూ, పూలకొట్టు ముందు నుంచి వచ్చినట్టు వచ్చి స్టూలు మీద కూర్చుంది. మేస్త్రి పక్కనే. మోచెయ్యికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా.

సీపీయూ మూత విప్పింది. లోపలి నుంచి బొద్దింకలు బయటికొచ్చాయి, పెళ్ళివారి బస్సు దిగినట్టు ఒకదాన్నొకటి తోసుకుంటూ. ఫ్యాను మీద పొడీ జిడ్డూ కలిసి కంబళిలా పేరుకుంది. అందులో గుడ్లు. మూలన ఎండిపోయిన బల్లి ఒకటి తీగలకి అతుక్కుని ఉంది, కళ్ళు లేవు. చేపల పేగుల్లో మోకాలిలోతున దిగి పనిచేసిన మేస్త్రికే గొంతులో డోకు వచ్చి ఆగింది. ఆ అమ్మాయి బల్లిని స్క్రూడ్రైవరుతో లేపి పక్కన పెట్టింది.

"డిస్కు పోతోంది సార్," అంది బావమరిదితో. ఆయన గుమ్మంలోనే ఉన్నాడు, రుమాలు అడ్డం పెట్టుకుని. "ఆ టిక్కు టిక్కు విన్నారుగా, పోయేముందు గురకది. ఇవాళో రేపో."

"కొత్తది పడెయ్యమ్మా అందులో."

"ఖాళీ డిస్కు వేస్తే ఖాళీగానే ఉంటుంది. డ్రయ్యరు ప్రోగ్రాము సీడీ ఉందా?"

బావమరిది మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి కిటికీ లోంచి కుప్ప వైపు చూశాడు. కుప్ప మీద కాకులు వాలకుండా ఎప్పుడో దారాలకి సీడీలు కట్టి వేలాడదీశారు. మెరుస్తూ తిరుగుతున్నాయి. ఒకదాని మీద కాకి కూర్చుని ఉంది.

"ఓహో," అంది అమ్మాయి. "డ్రయ్యరు అమ్మిన కంపెనీ?"

"ఎప్పుడో ఎత్తేశారు."

"అయితే సిస్టమ్ ఇమేజ్ తీసుకోవడం ఒక్కటే దారి."

"ఫొటోనా?" అన్నాడు బావమరిది. "ఫొటోలు పెట్టుకుని ఏం చేసుకుంటాం, దండ వేస్తామా?"

"ఫొటో కాదు సార్, అచ్చు. మైనంలో వేలు గుచ్చితే గీతలతో సహా దిగుతుంది చూడండి, అలాగ. ప్రోగ్రాము, సెట్టింగులు, మేస్త్రి గారి వేడి లెక్కలు, మొత్తం డిస్కు ఒక్క ముద్దగా ఈ బయటి డిస్కులోకి వచ్చేస్తుంది. రేపిది చచ్చిపోతే కొత్త డిస్కు బిగించి, ఆ అచ్చు మళ్ళీ ఇందులో పోస్తే, ఏం జరగనట్టు లేచి కూర్చుంటుంది."

అని అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద నల్ల డబ్బా ఒకటి తీసి చూపించింది. పక్కల సన్నని గాళ్ళు ఉన్నాయి దానికి.

మేస్త్రి నోరు విప్పాడు. "మురికి కూడా వస్తుందా?"

"బొద్దింకలు రావు. లోపలున్న తప్పులు మాత్రం అన్నీ వస్తాయి."

"ఆ కూత?"

కంప్యూటరులో ఎప్పుడో చెడిన అలారం ఒకటుంది. ఏ కారణమూ లేకుండా కోడిపెట్టలా కుయ్యిమంటుంది. దాన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు.

"ఆ కూతా వస్తుంది," అని నవ్వింది అమ్మాయి.

తన పెన్‌డ్రైవు పెట్టి కంప్యూటరుని దాంతో లేపింది. నల్ల డబ్బాని తీగతో తగిలించింది. తెర మీద ఒక గీత పాకడం మొదలుపెట్టింది. పాకుతుంది, టిక్కుమంటుంది, ఆగుతుంది. ఆగినప్పుడల్లా మేస్త్రి ఊపిరి ఆగేది. మధ్యాహ్నమైంది. ఆ అమ్మాయి భోజనం డబ్బా తీసి, అక్కడే, ఆ స్టూలు మీదే తినడం మొదలుపెట్టింది. ఆ గదిలో ఇంకో మనిషి ముద్ద నోట్లో పెట్టుకోవడం మేస్త్రి ఇన్నేళ్ళలో చూడలేదు.

"ఇబ్బందిగా లేదా తల్లీ?" అన్నాడు చివరికి.

"దేనికి?" అంది నములుతూ.

ఆ ఒక్క 'దేనికి' మేస్త్రికి కడుపు నింపింది. మనిషంటే ఇదీ అనుకున్నాడు.

గీత చివరికి చేరింది. అమ్మాయి డబ్బాని ఒక ప్లాస్టిక్ సంచీలో పెట్టి ఇచ్చింది. "మిల్లులో ఉంచొద్దు. మంటైనా తడైనా వచ్చిందంటే రెండూ ఒకేసారి పోతాయి. ఎవరింట్లోనైనా పెట్టండి. దీనికి పట్టే పాత రకం డిస్కు తెప్పించాలి, రాగానే బిగిస్తా. అప్పుడే రెండో కాపీ కూడా తీస్తా. ఒక్క కాపీ ఉందంటే లేనట్టే లెక్క."

"బావా, నీ దగ్గరుంచు," అన్నాడు బావమరిది. "మా పిల్లలు చూస్తే బంతాడేస్తారు. మీ ఇంట్లో అయితే అక్క ఉంది. దాని మీద దుమ్ము కూడా వాలనివ్వదు."

"ఊఁ," అన్నాడు మేస్త్రి.

ఆ పొద్దున్నే ఇంట్లో మాటా మాటా అయింది. మాటలన్నీ ఆవిడవే అనుకోండి. ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు వస్తోందని, "మీరు కాసేపు వెనక అరుగు మీద కూర్చుందురూ," అంది. మేస్త్రి కూర్చున్నాడు. స్నేహితురాలు వెళ్ళేదాకా, సొంత ఇంటి వెనక, దొంగలా. ఆ మంట ఇంకా చల్లారలేదు. అందుకని సాయంత్రం ఇంటికొచ్చి ఎవరితోనూ ఏమీ చెప్పకుండా సంచీ మేకుకి తగిలించి, కుళాయి కింద కూర్చుని, తలకి సబ్బు పట్టించి కళ్ళు మూసుకున్నాడు.

కాసేపటికి బ్రష్షు గీకుతున్న చప్పుడు వినబడింది. క్యారేజీ చప్పుడు కాదు. తాళాల చప్పుడు కాదు.

కళ్ళు తెరిచాడు. సబ్బు మండింది. ఆవిడ కుళాయి ధార కింద నల్ల డబ్బాని పట్టుకుని, పళ్ళు తోముకునే బ్రష్షుతో గాళ్ళలోకి పోయి మరీ రుద్దుతోంది. ప్లాస్టిక్ సంచీ అప్పటికే ఉతికి తీగ మీద ఆరేసింది.

"ఇదేం డబ్బా అండీ, సందు సందునా ఇంత జిడ్డు! ఛీ! పశువుల పాకలో కూడా ఇంత రోత ఉండదు."

మేస్త్రి నోరు తెరిచాడు. నురగ లోపలికి పోయింది. ఏమని చెప్పాలి? చెప్పాల్సిందంతా కడగక ముందు చెప్పాలి. ఇప్పుడు చెబితే, 'నాకు ముందే చెప్పొచ్చుగా' అంటుంది, ఆ మాట నిజం. నిజమైన మాట వినడానికి ఆయన మనసు సిద్ధంగా లేదు. చెయ్యి చాపి డబ్బా తీసుకున్నాడు.

"మిల్లుది," అన్నాడు.

"ముక్కుంటే తెలియదూ!" అంది ఆవిడ, క్యారేజీ అందుకుంటూ.

మర్నాడు మిల్లుకి వెళుతూ మేస్త్రి ఆలోచించాడు. తడిసింది, ఎండాలి. ఎండబెట్టడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. ఈ లోకంలో అన్నిటికంటే పొడిగా ఉండేది ఏది? డ్రయ్యరులోంచి అప్పుడే దిగిన చేపల పొడి. చేత్తో పిడికెడు పడితే చేతి తడి కూడా లాగేస్తుంది. గోదాములో వెచ్చని బస్తా మూతి విప్పి, మోచెయ్యి దాకా గుంట చేసి, డబ్బాని అందులో పాతాడు. మూతి కట్టేశాడు. చాలా తెలివైన పని చేశాననుకున్నాడు.

బావమరిది రోజూ అడిగేవాడు. "డిస్కు జాగ్రత్తే కదా బావా?"

"ఊఁ."

ఆ ఊఁ అన్నప్పుడల్లా మేస్త్రికి తన మీద తనకే రోత పుట్టేది. కుప్ప కంపు స్నానం చేస్తే పోతుంది. ఇది పోవడం లేదు. అద్దాల గదిలో కంప్యూటరు ఇంకా బతికే ఉంది, టిక్కు టిక్కుమంటూ. ఆ అమ్మాయిని పిలిచి ఇంకో అచ్చు తీయమంటే సరిపోయేది. కానీ ఎందుకని అడిగితే చెప్పాలి. చెప్పడానికి నోరు కావాలి. ఆయన నోరు ఊఁ తప్ప ఇంకేదీ పలకడం మానేసి చాలా కాలమైంది.

ఒకరోజు పొద్దున టిక్కు వినబడలేదు. తెర నల్లగా ఉంది. డ్రమ్ము కడుపు నిండా సగం ఎండిన చేపలతో ఆగిపోయి ఉంది.

కష్టాలు జంటగా వస్తాయంటారు. ఆ రోజే పడవలన్నీ కుప్పలు తెప్పలుగా చేపలు తెచ్చాయి. లారీ మీద లారీ వచ్చి బోర్లించింది. మధ్యాహ్నానికి కుప్ప అద్దాల గది కిటికీ దాకా లేచింది. ఎండకి పొట్టలు ఉబ్బి పటుక్కున పగులుతున్నాయి. అడుగు నుంచి కాఫీ రంగు రసం కాలవ కట్టి గేటు దాటింది. ఈగలు ఎంతగా ముసిరాయంటే కుప్పే కదులుతున్నట్టుంది. డ్రమ్ములో ఇరుక్కున్నది ఇంకా ఘోరం. దాని మూత తీసిన కూలీ ఒకడు నాలుగడుగులు వేసి, గోడకి చెయ్యి ఆనించి, పొద్దున తిన్నదంతా కక్కేశాడు.

మునిసిపల్ ఆఫీసరు వచ్చాడు. గేటు లోపలికి కూడా రాలేదు. "రేపు సాయంత్రం వస్తా. ఈ కుప్ప కదలకపోయిందో, తాళం నా జేబులోనే ఉంది," అన్నాడు. రుమాలు లోంచి అన్నా స్పష్టంగానే వినబడింది.

కంప్యూటరమ్మాయి కొత్త డిస్కు తీసుకుని వచ్చింది, ఆ రోజే అందిందట.

"బావా, ఇంటికెళ్ళి అది పట్రా," అన్నాడు బావమరిది.

మేస్త్రి ఇంటి వైపు వెళ్ళలేదు. గోదాములోకి వెళ్ళాడు. బస్తా విప్పి చెయ్యి దూర్చాడు. డబ్బా తగిలింది. తీసి, చొక్కాకి తుడిచి, తెచ్చి ఇచ్చాడు. బావమరిది కళ్ళు చిన్నవయ్యాయి. అమ్మాయి తీగ గుచ్చబోయింది. గుచ్చుకోలేదు. టార్చి వేసి చూసింది. తీగ దూరే చోట గోధుమరంగు ముద్ద బిగుసుకుని ఉంది.

"ఇదేంటి?"

ఎవరూ మాట్లాడలేదు. అలారం కూడా లేదు కుయ్యిమనడానికి.

బావమరిదికి అనుమానం వచ్చి అక్కకి ఫోను చేశాడు, అందరికీ వినబడేలా పెట్టి. "అక్కా, బావ మొన్న తెచ్చిన నల్ల డబ్బాని ఏం చేశావ్?"

"కడిగా."

"కడగడమేంటక్కా!"

"మిల్లు నుంచొస్తే కడగనూ? మీ బావనే రోజూ ముంచి తీస్తున్నా, డబ్బా ఎంత!"

"మిల్లంతా అందులోనే ఉందక్కా! నువ్వు మిల్లుని ఉతికేశావ్!" అని ఫోను పెట్టేశాడు. మేస్త్రి వైపు తిరిగాడు. "నీకు తెలుసు. రోజూ అడిగాను. రోజూ ఊఁ అన్నావు. థూ!"

నిజంగానే ఉమ్మాడు, పక్కకి. మేస్త్రి ఆ ఉమ్మి వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇంకాసేపటికి గేటు దగ్గర ఆటో ఆగింది. పెళ్ళయ్యాక మిల్లు గడప తొక్కని మనిషి, ఆవిడ దిగింది. కొంగు ముక్కుకీ నోటికీ కలిపి చుట్టుకుని, రసం కాలవ ముందు ఒక్క క్షణం ఆగింది. మడమలెత్తి దాటబోయింది, చెప్పు జారింది, కాలు చీలమండ దాకా అందులో దిగింది. చూస్తున్నవాళ్ళకే ఒళ్ళు జలదరించింది. ఆవిడ గోడ పట్టుకుని వంగి కక్కింది. మూతి తుడుచుకుంది. మళ్ళీ నడిచి అద్దాల గదిలోకి వచ్చింది.

"ఎవడ్రా ఉతికానన్నది?" అంది తమ్ముడితో. "ఉతికాను. చేతికొచ్చింది ఉతకడం నా జబ్బు. ఆ జబ్బు ఈ మిల్లే పెట్టింది, మీ నాన్నా మా నాన్నా ఒకడేగా, నీకు తెలియదూ? కానీ ఇది ఫలానా అని చెప్పని నోరు ఎవరిది?" మొగుడి వైపు తిరిగింది. "నేను తోముతుంటే పక్కనే కూర్చుని చూశారే! 'మిల్లుది' అన్నారే! ఇంకో మాట అంటే పళ్ళు రాలేవా?"

"అమ్మా, మీరు ఉతకడం వల్ల పోలేదిది," అంది అమ్మాయి, డబ్బా మూత ఊడదీస్తూ. "ఇందులో తిరిగే చక్రం లేదు, వట్టి చిప్పులే. నీళ్ళలో పడ్డా, కరెంటు తగలకుండా సరిగ్గా ఆరితే బతికేది. దీన్ని చంపుతున్నది ఈ పొడి. చూడండి, ఉప్పు. ఉప్పు గాల్లో తడి లాక్కుని ముద్దయింది. చిప్పుల లోహపు కాళ్ళని తినేస్తోంది, ఇదిగో పచ్చగా." అని అందరి మొహాలూ చూసింది. "పొడిలో ఎవరు పెట్టారు?"

ఈసారి మేస్త్రి ఊఁ అనలేదు.

"నేనే," అన్నాడు. "ఎండుతుందని పెట్టాను. బస్తాలో. ఆవిడ కడిగిందని చెప్పలేదు. నేను పాతానని చెప్పలేదు. కంప్యూటరు బతికుండగానే ఇంకోసారి అచ్చు తీయమని అడగాల్సింది. అడగలేదు."

అన్ని మాటలు ఆయన నోట ఒక్కసారి రావడం అక్కడ ఎవరూ ఎరగరు. బావమరిది స్టూలు మీద కూలబడి తల పట్టుకున్నాడు.

"ఒకళ్ళు ఉతికారు, ఒకళ్ళు ఎండేశారు," అన్నాడు. "ఇంక ఇస్త్రీ ఒక్కటే తరువాయి."

"ఇస్త్రీ వద్దు," అంది అమ్మాయి. "మళ్ళీ కడగాలి. ఈసారి స్పిరిటుతో. కాళ్ళు జుట్టంత సన్నం. చెయ్యి వణికిందా, విరుగుతాయి."

ఆవిడ కొంగు విప్పి నడుముకి దోపింది. ముక్కుకి అడ్డం ఇంకేమీ లేదు. "ఇటు తే ఆ బ్రష్షు. కడగడం నాకొకళ్ళు చెప్పాలా."

కిటికీ పక్కన కూర్చుని మొదలుపెట్టింది. బయట ఈగలు అద్దానికి కొట్టుకుంటున్నాయి. కుప్ప పగులుతున్న చప్పుడు లోపలికి వినబడుతోంది. ఆవిడకి మధ్య మధ్య డోకు వచ్చేది. వచ్చినప్పుడు బ్రష్షు ఎత్తేసి, మొహం పక్కకి తిప్పి, డోకు మింగి, మళ్ళీ బ్రష్షు దించేది. ఒక్కసారి కూడా చెయ్యి వణకలేదు. మిరియపు గింజంత బెడ్డని కూడా వదలకుండా, అమ్మాయి చూపించిన చోటల్లా, పసిపాప చెవి తుడిచినట్టు తుడిచింది.

"నీకు డోకు రావట్లేదా పిల్లా?" అంది మధ్యలో. "ఈ రొచ్చులో పేరంటానికొచ్చినట్టు కూర్చున్నావే?"

"నాకు వాసన తెలియదమ్మా. అప్పుడెప్పుడో జ్వరం వచ్చింది. ముక్కు ఆ జ్వరంతోనే పోయింది. మల్లెపువ్వూ ఒకటే, మీ కుప్పా ఒకటే."

మేస్త్రి విన్నాడు. ఆ 'దేనికి' గుర్తొచ్చింది. ఓహో, అదా సంగతి అనుకున్నాడు. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నది ఏదో పుల్లగా విరిగిపోయింది. ఈ లోకంలో తన కంపు పీలుస్తూ తన పక్కన కూర్చున్న మనిషి ఒక్కతే. ఇప్పుడు కిటికీ దగ్గర డోకు మింగుకుంటున్న ఈవిడ.

కడిగిన డిస్కుని అమ్మాయి తన కొట్టుకి తీసుకెళ్ళింది. "సందుల్లో తడి పూర్తిగా పోవాలి. తొందరపడి కరెంటు పెడితే కాలిపోతుంది. రేపు పొద్దున తెస్తా."

మర్నాడు ఆవిడ కూడా వచ్చింది. ఎన్నిసార్లు తల రుద్దుకుందో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుప్ప గురించి ఇంక చెప్పకపోవడమే మర్యాద. పురుగు పట్టింది, అంతే చాలు.

అమ్మాయి కొత్త డిస్కు సీపీయూలో బిగించింది. నల్ల డబ్బాకి తీగ గుచ్చింది. దీపం వెలగలేదు. బావమరిది గొణిగాడు. అమ్మాయి తీసి, ఊది, మళ్ళీ గుచ్చింది. మిణుకు మిణుకుమని, ఆరిపోయి, మళ్ళీ వెలిగి, నిలబడింది.

"కనబడుతోంది," అంది. "అచ్చు కనబడుతోంది. ఎవరూ తీగ తగలకండి, ఊపిరి కూడా అటు పక్కకి వదలండి."

"ఇక్కడ ఊపిరి పీల్చేదెవరు?" అంది ఆవిడ.

గీత పాకింది. ఈసారి టిక్కుల్లేవు. మేస్త్రి గోడకి చేరబడి దాన్నే చూస్తున్నాడు. ఆవిడ వచ్చి ఆయన పక్కనే నిలబడింది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. కానీ పక్కనే నిలబడింది.

గీత చివరికి చేరింది. తెర ఒకసారి నల్లబడింది. తర్వాత డ్రయ్యరు బొమ్మ వచ్చింది, పక్కన మేస్త్రి ఎక్కించిన వేడి లెక్కలన్నీ వరసగా. ఆ వెంటనే కోడిపెట్టలా కుయ్యిమంది అలారం.

"అదీ వచ్చేసింది," అన్నాడు మేస్త్రి.

ఎవరు ముందు నవ్వారో తెలియదు. బావమరిది రుమాలు జారవిడిచి నవ్వాడు. నవ్వడానికి గాలి పీల్చాలి కదా, పీల్చాడు, నవ్వు మధ్యలో దగ్గు వచ్చి బయటికి పరిగెత్తాడు. డ్రమ్ము మూలిగి, కదిలి, తిరిగింది. లోపల ఉన్నదాని కంపు కొత్తగా వేడెక్కి ఒక్కసారిగా గది మీద పడింది. ఆవిడ మేస్త్రి భుజం పట్టుకుని ఆయన చొక్కాలోనే మొహం దాచుకుంది. ఆ చొక్కా కూడా అదే కంపు కాబట్టి లాభమేమీ లేకపోయింది.

సాయంత్రం ఆఫీసరు వచ్చేసరికి కుప్ప సగానికి తగ్గి, బెల్టు మీద పాకుతూ డ్రమ్ములోకి పోతోంది. గేటు దగ్గర నిలబడి చూశాడు, జేబు తడుముకున్నాడు, రసం కాలవలో బూటు పడకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మొహం చూస్తే తాళం వేయలేకపోయినందుకు బాధపడ్డట్టే ఉంది.

అమ్మాయి వెళ్ళేముందు అచ్చుని ఇంకో రెండు డిస్కుల్లోకి తీసింది. ఒకటి బావమరిది ఇంటికి. రెండోది చేతిలో పట్టుకుని ఎవరికివ్వాలా అని చూసింది. బావమరిది చూపు తిప్పుకున్నాడు.

"మాకే ఇవ్వు," అంది ఆవిడ.

ఇంటికి చేరాక మేస్త్రి సంచీని మేకుకి తగిలించబోయి ఆగాడు.

"ఇందులో డిస్కు ఉంది," అన్నాడు. "కడగకు."

"చెవుడు లేదు నాకు," అంది ఆవిడ.

సంచీలో చెయ్యి పెట్టి, డిస్కు ఉన్న ప్లాస్టిక్ కవరుని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకని తోకతో పట్టుకున్నట్టు పట్టుకుంది. తొట్టి దగ్గర ఒక్క క్షణం ఆగింది. చెయ్యి కుళాయి వైపు వెళ్ళబోయి వెనక్కొచ్చింది. కడగనిదాన్ని పట్టుకుని, ఆ ఇంటి గడప దాటింది. మేస్త్రి గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాడు. బీరువా తలుపు తీసి, పెళ్ళిళ్ళకి కట్టుకునే మంచి బట్టల మడతల మధ్య దాన్ని పెట్టింది. దాని పక్కన కొత్త సబ్బు ఒకటి, కాగితం విప్పి మరీ పెట్టింది. తలుపు వేసింది.

ఆ కంపు ముందు ఒక్క సబ్బు ఏపాటిది? ఆ బట్టలు ఇక ఏ పెళ్ళికి కట్టుకున్నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఆవిడకీ తెలుసు.

పెరట్లోకి వచ్చి కుళాయి విప్పింది. మోచేతుల దాకా రుద్దుకుంటూ, వాసన చూసుకుంటూ, మళ్ళీ రుద్దుకుంటూ, "ఛీ, ఛీ, ఛీ" అంటూనే ఉంది. మేస్త్రి చొక్కా విప్పి తొట్టిలో పడేసి, తన వంతు కోసం పక్కనే నిలబడ్డాడు.